పట్టూ – విడుపూ

మన తెలుగులో ‘పట్టు’ అనే మాటకున్నన్ని అర్థాలు మరో చిన్నమాటకి ఉన్నాయో లేదో! పెళ్ళికి కట్టేదీ పట్టే, నొప్పి చేసినచోట వేసేదీ పట్టే. పసివాడు పట్టుపడతాడు, పండితుడికి శాస్త్రంలో పట్టు ఉంటుంది, కుస్తీవాడి పట్టు సరేసరి. ఇన్ని పట్లున్నా మన పెద్దవాళ్ళు బుద్ధి చెప్పేటప్పుడు మాత్రం ఆ మాటని ఒంటరిగా వదల్లేదు. “పట్టూ విడుపూ ఉండాలమ్మా” అన్నారు. కాపరానికి వెళ్ళే పిల్లకీ అదే మాట, గట్టు తగవు తీర్చే పెద్దమనిషికీ అదే మాట.

ఈ మాట ఎంత నిజమో చేతివేళ్ళకి అర్థమయ్యేలా చెప్పే ఆట ఒకటుంది. గోల్ఫు! “డబ్బున్న మారాజుల ఆట, మనకెందుకమ్మా” అని పేజీ తిప్పేయకండి. హంగులన్నీ తీసేస్తే మిగిలేది ఒక కర్ర, ఒక బంతి, ఒక గుంట. ఆ కర్రని చేత్తో ఎలా పట్టుకోవాలన్న సంగతికి మాత్రం పెద్ద చరిత్ర ఉంది. అందులో ఆడవాళ్ళ వాటా ఎంతో తెలిస్తే మీకూ ఆసక్తి కలుగుతుంది.

మాది బంటుమిల్లి. బందరు నుంచి పెడన మీదుగా వస్తే తగిలే ఊరు. చుట్టూ కాలవలూ, వరిచేలూ, ఈ మధ్య కాలంలో చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ. వానాకాలం కాలు పెడితే పిక్కల దాకా దిగే ఆ నేలమీద గోల్ఫు మైదానం ఊహకి కూడా అందదు. కానీ కోతలైపోయి చేలు ఎండిపోయాక కర్రాబిళ్ళ ఆడని మగపిల్లాడు ఆ ఊళ్ళో ఉండేవాడు కాదు. దాన్నే కొన్నిచోట్ల బిళ్ళంగోడు అంటారు, తెలంగాణాలో చిర్రగోనె. మూరెడు కర్ర, బెత్తెడు బిళ్ళ. బిళ్ళ కొసమీద తట్టి, అది గాల్లోకి లేవగానే విసురుగా కొట్టాలి.

మరి మేమో? మాకు గచ్చకాయలు, చెమ్మచెక్క, తొక్కుడుబిళ్ళ. బిళ్ళ ఇచ్చారు గానీ కర్ర ఇవ్వలేదన్నమాట! ఆడపిల్ల చెయ్యి భుజం దాటి పైకి లేస్తే అదేదో అపచారం. ఆ తీర్పు చెప్పిన నాయనమ్మలే రోకలి తలమీది దాకా ఎత్తి దంచేవారు. అది పనికింద లెక్క, ఇది ఆటకింద లెక్క!

సరే, గోల్ఫు పుట్టింటికి వెడదాం. స్కాట్లండు దేశంలో 1457లో రాజుగారి పార్లమెంటు ఒక శాసనం చేసింది — గోల్ఫూ, ఫుట్‌బాలూ ఆడరాదని. కుర్రాళ్ళు ఆటల్లో పడి విలువిద్య సాధన మానేస్తున్నారట. విల్లు పట్టాల్సిన చేతులు ఆటకర్ర పడుతున్నాయన్నదే ఏలినవారి బెంగ. గోల్ఫు పేరు మొట్టమొదట కాగితం మీదికెక్కింది ఇలా నిషేధంతోనే. డచ్చివాళ్ళ దేశంలోనూ ‘కోల్ఫ్’ అని ఇలాంటి కర్రాబంతి ఆట ఉండేది. పదిహేడో శతాబ్దంలో అద్దకం బట్టల కోసం మన బందరులో మకాం వేసిన ఆ డచ్చివాళ్ళే! ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరొచ్చారు. గోల్ఫుని మన దేశానికి తెచ్చింది మాత్రం తర్వాతి తరాల తెల్లదొరలు. 1829లో కలకత్తాలో వాళ్ళు పెట్టుకున్న క్లబ్బు బ్రిటిష్ దీవుల బయట మొట్టమొదటి గోల్ఫు క్లబ్బుగా పేరు తెచ్చుకుంది. ఇవాళ మన తెలుగునేల మీద విశాఖ సముద్రం ఒడ్డునా, హైదరాబాదులో గోల్కొండ కోటని ఆనుకున్న నయాకిలా ఆవరణలోనూ గోల్ఫు ఆడుతున్నారు.

ఇక పట్టు సంగతి. పాతకాలపు గోల్ఫుకర్రలకి పిడి లావుగా ఉండేది. దానిమీద గొర్రెతోలో, గుడ్డో మందంగా చుట్టేవారు. అంత లావు పిడి వేళ్ళకి అందదు కనక, గునపం పట్టినట్టు రెండు అరచేతులా బిగించేవారు. బంతి కూడా తోలుసంచీలో ఉడికించిన ఈకలు కుక్కి కుట్టినది. 1848 ప్రాంతంలో మలయా చెట్లజిగురుతో చేసిన గట్టి బంతి వచ్చింది. చవక, మన్నిక. బంతి మారితే కర్ర మారింది, కర్ర మారితే పిడి సన్నబడింది. పిడి సన్నబడేసరికి పట్టు అరచేతిని వదిలి వేళ్ళలోకి జారింది. వంటింట్లో పాత్ర మారితే గరిట మారినట్టే కదూ!

అప్పుడొచ్చాడు హారీ వార్డన్. జెర్సీ అనే చిన్న దీవిలో తోటమాలి కొడుకు. కుడిచేతి చిటికెనవేలిని కర్రమీద కాకుండా, ఎడమచేతి చూపుడువేలి మీద ఆనించి పట్టుకునేవాడు. అతనికంటే ముందే జానీ లెయిడ్లే అనే స్కాట్లండు ఆటగాడు అలా పట్టాడు గానీ, లోకం దానికి వార్డన్ పేరే పెట్టింది. పెట్టదూ మరి! వార్డన్ 1896 నుంచి 1914 లోపల బ్రిటిష్ ఓపెన్ ఆరుసార్లు గెలిచాడు. ఆ లెక్కని ఈనాటికీ ఎవరూ దాటలేదు. చిటికెనవేలు చేసిన ఘనకార్యం ఏమిటంటే, రెండు చేతుల్నీ ఒక చెయ్యిగా కలపడం. విడివిడిగా ఉన్న చేతులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. తోడికోడళ్ళు చెరో కొసా పట్టి దుప్పటి పిండినట్టు ఎవరి మెలిక వారిది!

ఇంతకీ ఎలా పట్టుకోవాలి? కుడిచేతివాటం వారికి చెబుతాను. నీళ్ళ బక్కెట్టు మోసేటప్పుడు దాని పిడి అరచేతి నడిమధ్యలో ఉండదు, వేళ్ళ మొదళ్ళలో నిలుస్తుంది. ఎడమచేతిలో కర్ర ఉండాల్సింది ఇంచుమించు అక్కడే — చూపుడువేలి మధ్యకణుపు నుంచి ఏటవాలుగా, అరచేతి మడమ కిందికి. బొటనవేలు కర్ర పైభాగాన, మధ్యగీతకి రవంత కుడిగా ఆనుతుంది. దాని కింద కుడిచెయ్యి పూర్తిగా వేళ్ళతోనే పడుతుంది. చిటికెనవేలు వార్డన్ చెప్పిన చోట కూర్చుంటుంది. ఎడమ బొటనవేలు కుడి అరచేతి గుంటలో దాక్కుంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే కోణం రెండు చేతులకీ ఒకే దిక్కుకి, కుడిభుజం వైపుకి చూడాలి. చేతులు చిన్నవైతే చిటికెనవేలిని ఆనించడానికి బదులు, ఎడమ చూపుడువేలితో మెలిక వేసినా మేలే. జాక్ నిక్లస్ అంతటివాడు ఆ మెలికతోనే ఆడాడు. పదివేళ్ళూ కర్రమీదే పెట్టి ఆడేవాళ్ళూ ఉన్నారు.

ఇదంతా ఎక్కడ పట్టాలన్న మాట. అసలు చిక్కు, ఎంత గట్టిగా పట్టాలన్నది. కొత్తగా ఆడేవాళ్ళందరూ కర్ర ఎగిరిపోతుందేమోనని బిగిస్తారు. బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, మోచెయ్యి బిగుస్తుంది, భుజాలు పైకి లేస్తాయి, కర్రకి వేగం చచ్చిపోతుంది. కర్ర బంతిని తాకి ఉండేది సెకనులో ఇంచుమించు రెండువేలవ వంతు. ఆ క్షణంలో బలం చూపించడానికి వ్యవధి ఎక్కడుంది? అంతకుముందే వేగం పుట్టి ఉండాలి. శామ్ స్నీడ్ అనే అమెరికా ఆటగాడు, పిట్టని పట్టుకున్నట్టు పట్టమనేవాడట. ఎగిరిపోకూడదు, నలిగిపోకూడదు.

ఈ పాఠం మా బంటుమిల్లి ఆడవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊడ్పుల్లో చూడండి. ఎడమచేతిలో ఆకుకట్ట, కుడిచేతి మూడు వేళ్ళ కొసన రెండు మూడు మొక్కలు. గట్టిగా పడితే కాడ నలుగుతుంది, వదులైతే బురదలో నిలవక తేలిపోతుంది. చీర ఎగ్గట్టి, నడుం వంచి, రోజంతా కొన్నివేల సార్లు అదే పట్టు, అదే విడుపు. రోకటిపోటూ అంతే. ఎత్తేటప్పుడు బిగువు, దిగేటప్పుడు వదులు. బిగబట్టి దంచినమ్మ అరచేతులు సాయంత్రానికి బొబ్బలెక్కేవి. దొరలు పుస్తకాలు రాసి నేర్చుకున్న విద్య మన అమ్మమ్మల చేతుల్లో ఉంది. లేనిదల్లా ఆటస్థలం.

అమెరికా ఆటగాడు బెన్ హోగన్ కొట్టిన బంతి ఎడమకి వంకర తిరిగిపోతూ ఉండేదట. బలం పెంచుకోలేదు. చేతులు పిడిమీద రవంత ఎడమకి జరుపుకున్నాడు. వంకర తీరింది. 1957లో అతను రాసిన అయిదు పాఠాల పుస్తకంలో మొదటి పాఠం పట్టు గురించే.

ఇప్పుడు మన వాటాకి వద్దాం. స్కాట్లండు రాణి మేరీ మీద మోపిన నిందల్లో గోల్ఫు కూడా ఉందంటే నమ్ముతారా? 1567లో భర్త డార్న్‌లీ హత్య జరిగిన కొద్దిరోజులకే ఆవిడ ఆటలాడుతూ గడిపిందని శత్రువులు రాశారు. ఆడిందో లేదో ఆ దేవుడికెరుక! రాజులాడితే వినోదం, రాణి ఆడితే నేరారోపణ. ఆ తర్వాత మూడొందలేళ్ళకి, 1867లో, సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో ఆడవాళ్ళకని ఒక క్లబ్బు పెట్టారు. కానీ బంతిని గుంటలోకి మెల్లగా దొర్లించడమే వాళ్ళ ఆట. 1890లో అచ్చయిన ఒక పేరున్న గోల్ఫు పుస్తకం, ఆడవాళ్ళు బంతిని డెబ్భయి, ఎనభై గజాలకి మించి కొట్టనక్కర్లేదని సలహా ఇచ్చింది. శక్తి లేక కాదట. అంతకంటే దూరం పోవాలంటే కర్ర భుజం దాటి పైకి లేవాలి, ఆడదుస్తుల్లో ఆ భంగిమ చూడముచ్చటగా ఉండదట!

ఈ మాట చదివినప్పుడు నాకు మా ఊరి నాయనమ్మలందరూ వరసగా కళ్ళముందు నిలబడ్డారు. ఎక్కడి స్కాట్లండు, ఎక్కడి బంటుమిల్లి! భుజం దగ్గర గీత గీయడంలో రెండూ ఒకటే. అక్కడా అందం పేరు చెప్పారు, ఇక్కడా అందం పేరే చెప్పారు.

ఆ గీత చెరిగిపోవడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. 1893లో ఇంగ్లండులో మహిళల గోల్ఫు సంఘం ఏర్పడింది. ఆ ఏడే మొదలైన ఆడవాళ్ళ పోటీలో లేడీ మార్గరెట్ స్కాట్ అనే అమ్మాయి, నిండు గౌనులోనే, కర్రని భుజం దాటించి వెనక్కి తిప్పి కొట్టింది. మూడేళ్ళు వరసగా తనే గెలిచింది. కర్ర చేతికొచ్చింది గానీ తలుపు మాత్రం తెరుచుకోలేదు. సెయింట్ ఆండ్రూస్‌లోని ఆ పెద్ద మగవాళ్ళ క్లబ్బు స్త్రీలని సభ్యులుగా చేర్చుకోవడానికి ఓటు వేసింది ఎప్పుడనుకున్నారు? 2014 సెప్టెంబరులో! విడుపు నేర్చుకోవడానికి మగవాళ్ళకి రెండున్నర శతాబ్దాలు పట్టిందన్నమాట.

ఇప్పుడు మనవాళ్ళూ తక్కువ తినలేదు. హైదరాబాదు నుంచి వెళ్ళి కాలిఫోర్నియాలో స్థిరపడిన దంపతుల కొడుకు సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో అమెరికా పీజీఏ టూరులో తొలి విజయం అందుకున్నాడు. అంతకు రెండేళ్ళ ముందు, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క దెబ్బ తేడాలో కంచుపతకం చెయ్యిజారింది. ఎండలో నాలుగు రోజులూ ఆ అమ్మాయి పక్కన నడిచి కర్రల సంచీ మోసింది ఎవరో కాదు, వాళ్ళమ్మ.

పతకం కన్నా ఆ సంచీయే నా మనసులో నిలిచిపోయింది. నాయనమ్మలు దాచిపెట్టిన కర్రల్ని ఒక తల్లి మోపుగా భుజాన వేసుకుని, ఏది కావాలంటే అది తీసి కూతురి చేతికిచ్చింది. గట్టిగా పట్టుకోమని ఆ పిల్లకి చెప్పనక్కర్లేదు. అందివ్వాలి, అందిచ్చాక మన చెయ్యి తీసేయాలి. పట్టు వాళ్ళకి వస్తుంది. విడుపు మనం నేర్చుకోవాలి.