బొగ్గు నేల – లావా కొండలు

రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో నేలను తవ్విన చోట్ల ఇసుకరాతి పొరలు, వాటి నడుమ నల్లని బొగ్గు పొరలు కనిపించును. అచ్చటినుండి వాయవ్యముగా నిర్మల్, ఉట్నూరు వైపునకు పోయినచో దృశ్యము మారిపోవును. కొండల నెత్తములు బల్లపరుపుగా ఉండును. వాటి వాలులు మెట్లు మెట్లుగా దిగును. మైదానములలో నల్లరేగడి పరచుకొని ఉండును. ఈ కొండలు పూర్వము భూమి లోపలినుండి పొంగిన శిలాద్రవము, అనగా లావా, గడ్డకట్టుటచే ఏర్పడినవి. బొగ్గు నేల, లావా కొండలు ఇంత చేరువగా ఉండుటచే, భూమిలోని మంటయే పూర్వపు అడవులను కాల్చి బొగ్గుగా మార్చినదని కొందరు విద్యార్థులు తలచవచ్చును. ఇది నిజమా? ఈ ప్రశ్నకు జవాబు ఆ రాళ్ళలోనే ఉన్నది. దానిని చదువుటకు మాత్రము చాలా కాలము పట్టినది.

అగ్నిపర్వతమనగానే మనకు శంకువు వంటి కొండ, దాని కొనయందు పొగలు గ్రక్కు బిలము గుర్తునకు వచ్చును. దక్కను లావా అట్టి కొండలనుండి వచ్చినది కాదు. నేల పొడవుగా బీటలు వారగా, వాటి గుండా వెలువడిన లావా నీటివలె పరచుకొనెను. ఒక పొర చల్లారిన పిమ్మట దానిపై మరియొకటి పరచుకొనెను. ఈ మెట్ల రూపమును బట్టియే దీనికి దక్కను ట్రాప్ అను పేరు వచ్చినది. మెట్టు అను అర్థము గల స్వీడిష్ మాటనుండి పుట్టినదే ఈ ట్రాప్ పదము. ఇప్పటికిని ఈ రాయి సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేలను కప్పియున్నది. పడమటి కనుమలలో మందముగా ఉన్న ఈ పొరలు తూర్పునకు వచ్చుకొలది పలుచబడును. ఆదిలాబాదు ప్రాంతపు కొండలు ఆ మహా పీఠభూమికి తూర్పు అంచులోనివి.

మాల్కంసన్ అను వైద్యుడు 1837లో లండన్ జియలాజికల్ సొసైటీకి సమర్పించిన వ్యాసములో ఈ కొండలను వర్ణించెను. ఆ కాలపు వ్రాతలలో వీటిని సిచెల్ కొండలనిరి. ఇచ్చట లావా రాళ్ళ నడుమ శిలారూపము పొందిన నత్తగుల్లలు దొరికినవి. వాటిలో ఒకదానికి ఫైసా ప్రిన్సెపీ అని పేరిడిరి. అది మంచినీటి నత్త. కరగిన రాతిలో నత్త బ్రతుకజాలదు కదా! కావున ఒక లావా పొర చల్లారి, దానిపై చెరువు ఏర్పడి, అందులో ప్రాణులు పెరిగిన తరువాతనే మరియొక పొర వచ్చి కప్పినదనుట స్పష్టము. లావా ఒక్కసారిగా పొంగలేదనియు, నడుమ నడుమ విరామములు కలవనియు ఆ చిన్న గుల్ల తెలిపినది.

ఇక బొగ్గు సంగతి. భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు వద్ద బొగ్గును కనుగొనెను. ప్రాణహిత–గోదావరి లోయ భూగర్భముపై ఆయన రచన 1881లో వెలువడినది. ఈ లోయలో అట్టడుగున మంచుయుగపు గుండురాళ్ళు గల తాల్చేరు పొరలు, వాటిపై బొగ్గు గల బరాకరు పొరలు ఉన్నవి. ఆపైన కామ్థీ, మలేరి, కోటా పొరలు వరుసగా వచ్చును. కోటా పొరలలో దొరికిన రాక్షసబల్లికి 1988లో కోటాసారస్ యమనపల్లిఎన్సిస్ అని పేరు పెట్టిరి. దాని అస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రములో నిలిపిరి. లావా ఈ పొరలన్నిటికంటె చిన్నది.

నేటి లెక్కల ప్రకారము బొగ్గు పొరల వయస్సు 27 కోట్ల సంవత్సరములకు పైమాట. లావా వయస్సు సుమారు 6.6 కోట్ల సంవత్సరములు. అనగా లావా పొంగుటకు 20 కోట్ల ఏండ్ల ముందే గ్లాసోప్టెరిస్ మొదలగు వృక్షములు చిత్తడి నేలలలో పడి, ఇసుక, మట్టి క్రింద అణగి, ఆ బరువుచేతను, లోతుతోపాటు పెరుగు భూమి వేడిచేతను క్రమముగా బొగ్గుగా మారనారంభించినవి. శిలాద్రవము బొగ్గును నిజముగా తాకినచో ఏమగునో జరియా గనులలో చూడవచ్చును. అచ్చట ద్రవశిల చొచ్చిన చోట బొగ్గు మాడి, గనివారు ఝామా అని పిలుచు పదార్థముగా చెడిపోయినది. కావున లావా బొగ్గును తయారుచేయలేదు. తాకినచోట దానిని పాడుచేసినది.

అయినను గోదావరికిని లావాకును సంబంధము లేకపోలేదు. రాజమహేంద్రవరము వద్ద, ప్రధాన పీఠభూమికి వందల కిలోమీటర్ల దూరమున, కొద్దిపాటి లావా రాళ్ళు విడిగా ఉన్నవి. అవి అచ్చటనే పొంగినవా, లేక పడమటినుండి ప్రవహించి వచ్చినవా అను చర్చ చాలాకాలము సాగినది. వాటి రసాయన కూర్పు, అయస్కాంత గుణము పడమటి కనుమలలోని కొన్ని పొరలతో సరిపోవుటచే, లావా ఆనాటి నదీలోయల వెంట సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి సముద్రతీరమును చేరినదని పలువురు శాస్త్రజ్ఞులు 2008 నాటి పరిశోధనలలో నిరూపింపజూచిరి. భూమిపై ఇంత పొడవైన లావా ప్రవాహములు అరుదు.

నిర్మల్ కొండలనుండి ఒక నల్లరాతి ముక్కను, బొగ్గు ప్రాంతమునుండి ఒక ఇసుకరాతి ముక్కను తెచ్చి తరగతి గదిలో ప్రక్కప్రక్కన ఉంచుడు. ఒకదానిలో నదులు తెచ్చిన ఇసుకరేణువులు కంటికి కనిపించును. రెండవదానిలో కరగి గడ్డకట్టిన సన్నని స్ఫటికములు భూతద్దముతో చూచినచో కనిపించును. రెండింటి నడుమ ఉన్న దూరము ఒక దినపు ప్రయాణమే. కాలము మాత్రము 20 కోట్ల సంవత్సరములు.