సిరివంచ రేవు: రెండు పెట్టుబడులు, ఒక శాసనము

ప్రాణహిత గోదావరిలో కలియు చోటికి సమీపమున, ఎడమగట్టున, సిరివంచ యను చిన్న పట్టణము కలదు. ప్రభుత్వపు కాగితములలో దానిపేరు సిరోంచా. నదులకు ఆవల కాళేశ్వరము, ఒకే పానవట్టముపై రెండు లింగములు వెలసిన ముక్తీశ్వర క్షేత్రము. 1860 వరకు సిరివంచ నిజాము రాజ్యములోనిది. తరువాత ఆంగ్లేయుల మధ్యపరగణాలలోను, 1956 వరకు మధ్యప్రదేశములోను, పిదప బొంబాయి రాష్ట్రములోను ఉండి, 1960లో మహారాష్ట్రకు చేరినది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడినప్పుడు అందొక తాలూకా అయినది. ఇన్ని మార్పులు జరిగినను ఇచ్చటి తెలుగు చెక్కుచెదరలేదు. మరాఠీ, మాడియా గోండీ భాషల నడుమ అది నేటికిని ఇంటిభాషయై, అంగడిభాషయై నిలిచియున్నది.

ఇంత మారుమూల సీమలో నూటయరువదేండ్ల వ్యవధిలో రెండుమార్లు గొప్ప మూలధనము నదిపై వెచ్చింపబడినది. రెండింటి లెక్కలును ఇచ్చట వేసినవి కావు.

మొదటిది ప్రత్తి నిమిత్తమై వచ్చినది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించిన ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి పూర్తియై గోదావరి డెల్టాను మాగాణిగా మార్చినది. ఆ విజయముతో కాటన్ దృష్టి ఎగువకు మరలెను. 1853లో బీరారు ఆంగ్లేయుల యాజమాన్యమునకు వచ్చినది. ఆ ప్రత్తిని పడవలమీద వార్ధా, ప్రాణహిత, గోదావరుల వెంట కాకినాడ రేవునకు దింపవచ్చునని ఆయన వాదించెను. దారిలో రాతిమెట్టలు మూడు అడ్డముండెను: దుమ్ముగూడెము వద్ద నొకటి, సిరివంచకు దిగువ ఇంచంపల్లి వద్ద నొకటి, ఎగువ దేవలమర్రి వద్ద నొకటి. వీనిని దాటుటకు ఆనకట్టలు, కాలువలు, లాకులు కావలెను. నది ఎడమగట్టు ఆంగ్లేయుల చేతిలోనుండుటయు అవసరమే. 1860 నాటి సంధిలో నిజాము సిరివంచ మొదలుకొని భద్రాచలము, రేకపల్లి వరకుగల తాలూకాలను వారికి వదలుకొనుటతో ఆ కొరతయు తీరెను. అట్లు ఎగువ గోదావరి జిల్లా పుట్టి, సిరివంచ దానికి ముఖ్యస్థానమయ్యెను. డిప్యూటీ కమీషనరుగా నుండిన గ్లాస్‌ఫర్డు పేర నొక బంగళా ఆ యూర నేటికిని ప్రసిద్ధము.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై లాంకషైరు మిల్లులకు ప్రత్తి కరవైనప్పుడు ఈ పథకమునకు బలము హెచ్చినది. మధ్యపరగణాల చీఫ్ కమీషనరు రిచర్డ్ టెంపుల్ దీనిని గట్టిగా సమర్థించెను. కర్నల్ హేగ్ పనులు నడపెను. 1865లో యుద్ధము ముగిసినది. 1867లో బొంబాయినుండి రైలుమార్గము నాగపురము చేరినది. ప్రత్తి మూటలు పడమటికి పోయినవి. వానకాలమున మాత్రమే నిండుగా పారు నదిలో, అడుగడుగున మెట్టలు దాటవలసిన పడవ, పండ్రెండు నెలలును నడచు రైలుతో ఎట్లు పోటీపడగలదు? 1871లో పనులు మానివేసిరి. 1874లో జిల్లాయే లేకుండపోయినది. భద్రాచలము, రేకపల్లి మద్రాసు రాజధానికి, సిరివంచ చాందా జిల్లాకు పోయినవి.

కాటన్ లెక్క తప్పినదని తేల్చివేయుట సులభము. ఆయన లెక్కలో ఒక పైరు, ఒక రేవు, ఒక సంత మాత్రమే యుండెననుట ఇంకను సరిగానుండును. డెల్టాలో నీరే ఫలమిచ్చినది. పడవ నడచినను నడువకున్నను మడి పండినది. ఎగువనో, నీరు కేవలము బాట. బాటపై సరకు తొలగగానే సిరివంచకు మిగిలినది కచేరీ కట్టడము, కొన్ని నదీపటములు. గట్టుమీది రైతునకు దక్కిన మడి యేదియు ఆ లెక్కలో లేదు. అదే ప్రాణహితకు ఎగువ, వైనగంగ తీరమున, మార్కండ దేవాలయ సముదాయము శతాబ్దములుగా నిలిచియున్నది. పనులు ఆగిన కొద్దికాలమునకే అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ మధ్యపరగణాలలో పర్యటించి దాని శిల్పమును వర్ణించెను. ఆ గుడికి పెట్టిన ధనమును ఎవ్వరును నష్టము క్రింద వ్రాసినట్లు లేదు.

మూలధనమును తూచుటకు తెలుగువారికి వేరొక త్రాసు ఉండెడిది. సంతానము, తటాకము, దేవాలయము, అగ్రహారము, వనము, నిధి, ప్రబంధము — ఈ యేడింటిని సప్తసంతానములనిరి. చెరువును కావ్యమును ఒకే పద్దులో వ్రాసిన లెక్క యిది! దీనిని కవుల చమత్కారమని తీసివేయరాదు. కాకతీయుల కాలపు దానశాసనములలో దేవుని అంగరంగభోగములకు, అనగా అలంకారమునకును ఆటపాటలకును, భూములు విడుచుట కానవచ్చును. చెరువు కట్టను కాచువానికి దశబంధమను మాన్యము వేరుగా నుండెడిది. కట్ట తెగినచో రైతుతోపాటు నర్తకియు, వాద్యగాడును పస్తులుండవలసినదే. కావున కట్టపై కన్నువేయు వారు పెక్కుమంది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడియు, దానిచెంతనున్న చెరువును ఈ పద్ధతికి నిలువెత్తు సాక్ష్యములు. ఆ చెరువు క్రింద నేటికిని పొలము పండుచున్నది. ఆ గుడిలోని నర్తకీశిల్పములును, జాయపసేనాని నృత్తరత్నావళియు ఆధారముగా నటరాజ రామకృష్ణ ఇరువదవ శతాబ్దమున పేరిణిని పునరుద్ధరించిరి. ఏడువందల యేండ్లకు వచ్చిన వడ్డీ యిది. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

పెట్టుబడిని ముందుగా పరీక్షించు విద్యయు మనవారు ఎరుగనిది కాదు. కడప సీమలోని పోరుమామిళ్లలో, బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో తవ్వించిన చెరువునకు సంస్కృత పద్యశాసనమొకటి కలదు. నిత్యము 1000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేండ్లు పట్టినవని అది చెప్పును. మంచి చెరువునకు పండ్రెండు సాధనములను, విడువవలసిన ఆరు దోషములను లెక్కించును. కట్టనుండి నీరు ఊరుట, చవుడునేల, నడుమ మిట్ట, నీరు తక్కువై పొలము ఎక్కువగుట, నీరు ఎక్కువై పొలము తక్కువగుట — ఇవి ఐదు. మిగిలినది మన ప్రస్తుతమునకు మిక్కిలి ముఖ్యము: రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట. నీటి నిపుణుని పరీక్షను పద్యములో కూర్చి రాతిపై చెక్కించిన కాలమది.

రెండవ పెట్టుబడి సరిగా ఆ పొలిమేరలోనే వచ్చినది. 2016 ఆగస్టులో తెలంగాణ, మహారాష్ట్రములు ఒప్పందము చేసికొని మేడిగడ్డ వద్ద 100 మీటర్ల నీటిమట్టమునకు సమ్మతించినవి. 85 గేట్లతో, 16.17 టి.ఎం.సి.ల నిలువతో, కాళేశ్వరము ఎత్తిపోతల పథకపు తొలి బ్యారేజిగా అది 2019 జూన్ 21న ప్రారంభమైనది. దాని కుడికొన తెలంగాణములో, ఎడమకొన సిరివంచ తాలూకాలో. నీటినెత్తు కన్నేపల్లి పంపుహౌసు కుడిగట్టున నున్నది. 2023 అక్టోబరు 21న బ్యారేజి ఏడవ బ్లాకులో స్తంభములు క్రుంగినవి. 2024 ఫిబ్రవరిలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక శాసనసభ ముందుకు వచ్చినది. కేంద్ర జలసంఘమునకు చూపిన వ్యయము 81,911 కోట్లు కాగా, అది 1,47,427 కోట్లను మించగలదని అందు తేల్చిరి. రూపాయికి 1.51 రూపాయల ప్రయోజనమని మొదట చూపిన లెక్కను తిరిగివేసి 52 పైసలుగా నిర్ణయించిరి.

ఎత్తిపోతలకు విద్యుత్తు ఎంత, ఎకరమునకు ఖర్చెంత అను చర్చ పత్రికలలో చాలినంత జరిగినది. ఎడమగట్టు మాట అంతగా రాలేదు. నిలువనీరు తమ పొలములను ముంచుచున్నదనియు, భూమిని సేకరించి పరిహారమిమ్మనియు సిరివంచ రైతులు పలుమార్లు ఆందోళన చేసిరి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరములకు ఇరుగట్టులను జనము కిక్కిరిసినది. అదే సంవత్సరము జూలైలో గోదావరి వరద సిరివంచ పల్లెలను ముంచినది. శాసనము చెప్పిన నీటి ఎక్కువ, పొలము తక్కువ అను దోషమునకు ఇంతకంటె వ్యాఖ్యానము అక్కరలేదు.

సిరివంచ తాలూకాలోని పోచంపల్లి (నేతకు పేరొందిన భూదాన పోచంపల్లి కాదు) నదీతీరమునుండి భారత గణాంక సంస్థ శాస్త్రజ్ఞులు 1960 ప్రాంతమున మహాకాయమైన రాక్షసబల్లి యెముకలు త్రవ్వి తీసిరి. 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరమగుటచే దానికి బారాపాసారస్ టాగోరై అని కవిపేరు కలిపిరి. ఆ యస్థిపంజరము కలకత్తాలో నిలువబెట్టబడినది. బ్యారేజి ఎడమకొన ఆనుకొనినది ఆ పోచంపల్లికే.