నల్లరేగడి నేలలో బండ్ల షెడ్డు: సొంతంగా ఏది చేసుకోవచ్చు, ఏది చేసుకోకూడదు

నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల్లో ఇంటి పక్కన కాస్త జాగా ఉంటే ఆటోకో, కారుకో ఓ షెడ్డు వేసుకుందామనుకునే కుటుంబాలు చాలానే ఉన్నాయి. కూలి ఖర్చు మిగులుతుందని కొందరు అన్నదమ్ములు కలిసి సొంతంగానే పని మొదలుపెడతారు. అందులో తప్పేం లేదు. అయితే ఇక్కడ అసలు ఇబ్బంది పనితనంతో కాదు, నేలతో.

నల్లమల, ఎర్రమల కొండల మధ్య కుందూ నది పారే ఈ మైదానంలో ఎక్కువ భాగం నల్లరేగడి. వాన పడితే ఈ మట్టి ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. పైన కట్టింది కూడా దాంతో పాటే లేస్తుంది, దిగుతుంది. ఇంటి గోడకు ఆనించి మూడు వైపులా ఇటుక గోడలు లేపేస్తే, ఇంటి పునాది లోతుగా, షెడ్డు పునాది పైపైన ఉండటంతో రెండూ ఒకేలా కదలవు. రెండు మూడు వానాకాలాలకు అతుకు దగ్గర పగులు వస్తుంది. పాత ఇంటి గోడ కూడా పాడవుతుంది.

అందుకే గోడల జోలికి పోకుండా ఆరు స్తంభాలు, పైన రేకులు వేసుకోవడం మేలు. ఇంటికి తగలకుండా నాలుగైదు అంగుళాల సందు వదలాలి. గుంత కనీసం నాలుగు అడుగులు తవ్వి, అడుగున గరుసు దిమ్మిస కొట్టి, ఆపైన కాంక్రీటు పోయాలి. స్తంభాలకు ఇనుప పైపులు గానీ, రాతి కూసాలు గానీ వాడొచ్చు. ఆళ్లగడ్డ అనగానే శిల్పులు గుర్తొస్తారు, కూసాలకు మాత్రం అంత పనితనం అక్కర్లేదు.

చిన్న కారుకు 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు సరిపోతుంది. ఇంట్లో అఖీఖా, నిశ్చితార్థం లాంటి దావత్ ఉంటే బండి బయట పెట్టి అక్కడే బంతి వేసుకోవచ్చు కాబట్టి నేల బాగా చేసుకోవాలి. సొంత చేతులతో చేసుకోదగ్గ పని ఇదే. ముందు అడుగున్నర లోతు నల్లమట్టి తీసేయాలి. దాన్నే మళ్లీ నింపితే చేసిన పనంతా వృథా. గరుసును ఆరేసి అంగుళాల చొప్పున పరిచి, నీళ్లు చల్లి, ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టాలి. పైన జిల్లాలోనే దొరికే బేతంచెర్ల నాపబండలు పరచొచ్చు. పాలిష్ లేనివి, ఒకటిన్నర అంగుళానికి తగ్గనివి తీసుకోవాలి. సన్నవి కారు బరువుకు చిట్లుతాయి, పాలిష్‌వి వానలో జారతాయి.

లెక్క చూస్తే 180 చదరపు అడుగులకు 2 అడుగుల చదరపు బండలు 45. విరిగేవాటికి ఇంకో మూడు. కింద 2 అంగుళాల మందాన, ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుకతో మాలు వేస్తే దాదాపు 5 బస్తాల సిమెంటు, 33 ఘనపుటడుగుల ఇసుక పడతాయి. అంగడికి వెళ్లే ముందే ఇది కాగితం మీద రాసుకుంటే మేస్త్రీ చెప్పే అంకెకు తలూపాల్సిన పని ఉండదు. నేలకు ముందువైపు 2 అంగుళాల వాలు ఇచ్చి, వారం రోజులు తడపాలి.

2019 సెప్టెంబరులో కుందూ పొంగినప్పుడు నంద్యాల లోతట్టు కాలనీలు మునిగాయి. అలాంటి చోట షెడ్డు నేల వీధికన్నా ఎత్తుగా ఉండాలి. కానీ ర్యాంపును మురుగుకాలువ మీదికి పెంచితే నీళ్లు వెనక్కి తన్ని పక్కింట్లోకి పోతాయి. రేకుల వాలు కూడా సొంత పెరటివైపే ఉండాలి. పొరుగింటి గోడ మీద నీళ్లు కారితే ఆ తగవు ఏళ్ల తరబడి తెగదు.

పది అడుగుల వెడల్పుకు రేకుల వాలు ఒక అడుగు చాలు. స్క్రూలు రేకు మిట్ట మీదే దిగాలి, పల్లంలో వేస్తే కారుతుంది. మేలో వచ్చే గాలివానకు అంచు రేకులే ముందు లేస్తాయి గనుక అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా వేయాలి. ఆస్బెస్టాస్ ఉన్న సిమెంటు రేకులను మిషన్‌తో కోయొద్దు, ఆ దుమ్ము క్యాన్సర్‌కు కారణమవుతుంది. ఇనుప రేకులే నయం, వేడి మాత్రం భరించాలి.

వెల్డింగు, కరెంటు పనులు తెలిసినవాళ్లకే ఇవ్వాలి. ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగుకు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగడం మామూలైపోయింది. తడి నేల, ఇనుప స్తంభాలు ఉన్నచోట అది ప్రాణాల మీదికి తెస్తుంది. మెయిన్ బోర్డు నుంచి వేరే లైను, ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. పిల్లలు ఆడుకునేది కూడా ఆ నీడలోనే.

ఇక అనుమతి సంగతి. రేకుల షెడ్డే కదా అని వదిలేయకుండా, గుంతలు తవ్వకముందే మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ విభాగాన్ని అడగాలి. రోడ్డువైపు, పక్కలకు వదలాల్సిన ఖాళీ ఎంతో అక్కడే తెలుస్తుంది.