మిషనరీల బిడ్డలు: ఎవరూ లెక్క కట్టని మూల్యం

క్రైస్తవ మిషనరీల చరిత్రను మన దేశంలో రెండు విధాలుగా చెప్పుకోవడం పరిపాటి. ఒక వర్గం దృష్టిలో వారు బడులు, ఆసుపత్రులు, అచ్చు యంత్రాలు తెచ్చిన సేవామూర్తులు. మరొక వర్గం దృష్టిలో వలస పాలన నీడన మతమార్పిడులు సాగించినవారు. ఈ రెండు కథనాలలోనూ దాదాపుగా కనిపించనివారు ఆ మిషనరీల పిల్లలు. సముద్రం దాటాలని వారు నిర్ణయించుకోలేదు. ఎవరి మతాన్నీ మార్చబూనుకోలేదు. అయినా తల్లిదండ్రుల విశ్వాసానికీ, వలస సమాజపు జాతి భేదానికీ, అనంతర కాలంలో స్వదేశీ మత రాజకీయాలకూ మూల్యం చెల్లించిన వారిలో ఆ పిల్లలూ ఉన్నారు. వారిని ఎక్కడ పెంచారు, ఎవరితో కలవనిచ్చారు, ఎవరికి దూరంగా ఉంచారు అన్న ప్రశ్నలను అనుసరించి వెళితే మిషన్ ఉద్యమపు మౌలిక వైరుధ్యం బయటపడుతుంది. ప్రజల మధ్య జీవించడానికి వచ్చినవారు తమ బిడ్డలను మాత్రం ఆ ప్రజలకు ఎడంగా పెంచారు.

సేరంపూర్ ఉమ్మడి ఇల్లు

ఆధునిక ప్రొటెస్టెంట్ మిషన్ ఉద్యమానికి ఆద్యుడిగా పేర్కొనే విలియం కేరీ 1793 జూన్ 13న ఇంగ్లండ్ తీరంలోని డోవర్ వద్ద డేనిష్ ఓడ ఎక్కాడు. ఈస్ట్ ఇండియా కంపెనీ అనుమతి లేకుండా సాగిన ప్రయాణమది. భార్య డొరొతీ మొదట రానని తెగేసి చెప్పింది. అప్పటికామె గర్భిణి. ప్రసవమైన కొద్ది వారాలకే, సోదరిని తోడు తెచ్చుకుంటానన్న షరతు మీద, చంటిబిడ్డతో సహా నలుగురు కొడుకులను వెంటబెట్టుకుని ఆమె కూడా ఓడ ఎక్కవలసివచ్చింది.

బెంగాల్ చేరిన కేరీ కుటుంబాన్ని మొదట ఎదుర్కొన్నది దారిద్ర్యం. తరువాత వ్యాధులు. కేరీ నీలిమందు ఫ్యాక్టరీ అజమాయిషీ చేస్తున్న ముద్నాబతిలో 1794లో ఐదేళ్ళ పీటర్ రక్త విరేచనాలతో చనిపోయాడు. మైల భయం వల్ల ఆ పసివాడి శవపేటిక చేయడానికీ, గోతిని తవ్వడానికీ మనుషులు దొరకడం గగనమైంది. ఆ దుఃఖం నుంచి డొరొతీ కోలుకోలేదు. మతి చలించి, పన్నెండేళ్ళకు పైగా ఆ స్థితిలోనే గడిపి 1807లో మరణించింది.

1800లో కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ డేనిష్ పాలనలోని సేరంపూర్‌లో మిషన్‌ను స్థాపించారు. ఒకే ఇల్లు, ఒకే వంట, ఒకే ఖజానా. తెలుగువారు సులభంగా గుర్తుపట్టగల ఉమ్మడి కుటుంబం అది. తల్లి మంచాన పడి, తండ్రి అనువాదాలలో మునిగిపోయి, ఆలనాపాలనా లేక పెరుగుతున్న కేరీ కొడుకులను దగ్గరకు తీసినది హన్నా మార్ష్‌మన్, వార్డ్. కేరీ గురించి వెలువడిన గ్రంథాలు ఎన్ని భాషలలోకి బైబిల్ అనువాదమైందో విపులంగా చెబుతాయి. ఆ అనువాదాలు సాగిన కాలంలో పిల్లలకు అన్నం పెట్టింది ఎవరన్న సంగతి వాటిలో ఒకటి రెండు వాక్యాలకు మించదు.

1800 డిసెంబర్ 28న హుగ్లీ నదిలో ఇద్దరికి బాప్తిస్మం ఇచ్చారు. ఒకరు మిషన్‌కు దక్కిన తొలి బెంగాలీ క్రైస్తవుడు, వడ్రంగి కృష్ణ పాల్. మరొకరు కేరీ పెద్ద కొడుకు ఫీలిక్స్. మిషన్ చరిత్రలో అది విజయదినం. ఆ సమయంలోనే మతి చెడిన తల్లిని ఇంట్లో ఒక గదిలో నిర్బంధించి ఉంచారు. కొడుకు జీవితంలో ఆ రెండు దృశ్యాలూ ఒకే రోజుకు చెందినవి.

ఫీలిక్స్ ఆ తరువాత బర్మా వెళ్ళాడు. అక్కడి రాజు కొలువులో రాయబారి అయ్యాడు. మిషనరీ స్థాయి నుంచి రాయబారి స్థాయికి కొడుకు దిగజారాడని తండ్రి చింతించాడు. 1814లో ఐరావతి నదిలో పడవ మునిగి ఫీలిక్స్ భార్యాబిడ్డలు చనిపోయారు. కొంతకాలం దిక్కు తోచక తిరిగిన ఫీలిక్స్ చివరకు సేరంపూర్ చేరి, శరీర నిర్మాణ శాస్త్రాన్ని బెంగాలీలో రచించాడు. 1822లో, నలభై ఏళ్ళు నిండకముందే మరణించాడు. బాల్యంలోనే బెంగాలీ పట్టుబడినందువల్ల తండ్రి కంటే సహజంగా ఆ భాష రాయగలిగాడన్న ఖ్యాతి అతనికి దక్కింది. ఆ భాష అతనికి వచ్చింది మిషన్ శిక్షణ వల్ల కాదు, బెంగాలీ వాతావరణంలో పెరగడం వల్ల.

ఆయా భాష, అమ్మ భయం

తరువాతి తరాల మిషనరీలు అటువంటి పెంపకానికి ఇష్టపడలేదు. పిల్లలను పెంచేది ఆయా. పిల్లల నోట మొదట పలికేది ఆమె మాట. తెలుగునాట తెలుగు, మదురైలో తమిళం, గంగా తీరాన హిందుస్తానీ. తల్లిదండ్రులు మున్షీని పెట్టుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్న భాష పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చేది. దీనిని వరంగా భావించవలసిన తల్లిదండ్రులు ప్రమాదంగా చూశారు. బిడ్డ ఆచార వ్యవహారాలలో స్థానికుడిగా మారిపోతాడన్నది వారి భయం. ఎండలు, కలరా, జ్వరాల భయం దానికి తోడైంది. ఆ రెండో భయానికి సమాధుల రూపంలో తగిన ఆధారం ఉంది. మొదటిదానికి ఆధారం జాతి భేదం మాత్రమే.

మొదట కనుగొన్న పరిష్కారం పిల్లలను స్వదేశానికి పంపివేయడం. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోకముందు గుడ్‌హోప్ అగ్రాన్ని చుట్టి వెళ్ళే ఓడకు నాలుగైదు నెలలు పట్టేది. ఆరేడేళ్ళ వయసులో ఓడ ఎక్కిన పిల్లలు తల్లిదండ్రులను మళ్ళీ చూసేసరికి వారి పోలికలు మరచిపోయేవారు. ఈ అవసరమే ఒక విద్యావ్యవస్థను సృష్టించింది. లండన్ సమీపంలోని వాల్తమ్‌స్టోలో 1838లో మిషనరీల కూతుళ్ళకూ, 1842లో కొడుకులకూ ప్రత్యేక పాఠశాలలు వెలిశాయి. చైనాలో పుట్టి 1924 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన ఎరిక్ లిడెల్‌ను 1908లో, ఆరేళ్ళ వయసులో, తల్లిదండ్రులు ఆ బాలుర పాఠశాలలోనే వదిలి వెళ్ళారు.

అమెరికన్ మిషనరీలకు స్వదేశం మరింత దూరం. వారు కనుగొన్న పరిష్కారం కొండల మీది బడి. ముస్సోరి పక్కన లండౌర్‌లో 1854లో ప్రారంభమైన వుడ్‌స్టాక్ పాఠశాల క్రమంగా ఉత్తర భారత మిషనరీ పిల్లల విద్యాకేంద్రమైంది. దక్షిణాదిన, మదురై అమెరికన్ మిషన్ వారు 1845లో బంగళాలు కట్టుకున్న కొడైకెనాల్‌లో 1901లో మరొక పాఠశాల మొదలైంది. తెలుగు జిల్లాలలో పనిచేసిన అమెరికన్ కుటుంబాల పిల్లలు కూడా ఆ కొండ ఎక్కారు. వేసవిలో తల్లులు పైకి వచ్చి పిల్లలతో కొన్ని వారాలు గడిపేవారు. మిగిలిన కాలమంతా ఉత్తరాలే ఆధారం. ఓడ ప్రయాణంతో పోలిస్తే ఇది నిస్సందేహంగా మానవీయమైన ఏర్పాటు. అయితే బోధన, ఆటలు, తిండి, పండుగలు అన్నీ అమెరికావి. భారతీయ క్రైస్తవుల పిల్లలకు సైతం దశాబ్దాల పాటు అక్కడ చోటు దొరకడం అరుదు.

ఈ అరుదుతనం ఎంత తీవ్రమైనదో తెలుగు నేల మీద నిలబడి చూస్తే బాగా అర్థమవుతుంది. 1878 జూలై 3న ఒంగోలు సమీపాన గుండ్లకమ్మ నదిలో జాన్ క్లౌ మిషన్ ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వారిలో అత్యధికులు మాదిగలు. కరణం, మునసబు ఊరి బావి దగ్గరకు రానివ్వని మనుషులకు దేవుని ఎదుట అందరూ సమానులన్న మాట సామాన్యమైన వాగ్దానం కాదు. దానిని నమ్మి వారు ఊరి పెద్దల ఆగ్రహాన్ని ఎదుర్కొన్నారు. నదిలో దక్కిన ఆ సమానత్వం పిల్లల బడి దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. మార్పిడి పొందినవారి పిల్లలకు పల్లెలో మిషన్ బడి, మార్పించినవారి పిల్లలకు కొండ మీద బోర్డింగు. మిషన్ బంగళాలో దొరబిడ్డను ఎత్తుకుని తిరిగిన ఆయాకు కూడా సొంత బిడ్డలు ఉండి ఉంటారు. వారిని ఆ వేళలలో ఎవరు చూసుకున్నారన్న ప్రశ్నను మిషన్ వార్షిక నివేదికలు వేసుకోలేదు.

తిరిగి వచ్చినవారు

అయినప్పటికీ, గోడలు కట్టి పెంచిన ఈ పిల్లలలో కొందరు ఆ గోడలు దాటారు. 1870లో ఆర్కాటు ప్రాంతంలోని రాణిపేటలో పుట్టిన ఐడా స్కడర్ మూడో తరం మిషనరీ బిడ్డ. కరువు కాలంలో ఆకలితో చనిపోతున్న పిల్లలను చూసిన బాల్యం ఆమెది. అమెరికాకు చేరిన తరువాత తండ్రి, ఆపై తల్లి ఆమెను చికాగోలో బంధువుల ఇంట వదిలి భారతదేశానికి వెళ్ళిపోయారు. మిషనరీ జీవితం తనకు వద్దనే ఆమె నిశ్చయించుకుంది. అస్వస్థురాలైన తల్లిని చూసుకోవడానికి తిండివనం వచ్చిన సమయంలో, ఒకే రాత్రి ముగ్గురు భర్తలు ప్రసవవేదన పడుతున్న భార్యల కోసం సాయం అడగడానికి వచ్చారు. పురుష వైద్యుడిని లోపలికి రానివ్వమన్నారు. ఐడాకు వైద్యం తెలియదు. ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె వైద్యవిద్య చదివి 1900లో తిరిగివచ్చింది. 1918లో వెల్లూరులో స్త్రీల కోసం వైద్య పాఠశాల స్థాపించింది. నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి మూలం అదే. మహిళా వైద్యులు లేకపోతే స్త్రీలు చనిపోతారన్న సత్యం ఆమెకు నివేదికల ద్వారా తెలియలేదు. గుమ్మం ముందుకు వచ్చింది.

రాజకీయ చరిత్రలోనూ ఈ పిల్లల జాడ ఉంది. కొంకణ తీరంలోని వెంగుర్లాలో 1919లో వైద్య మిషనరీలకు పుట్టి, కొడైకెనాల్‌లో చదివిన రాబర్ట్ గోహీన్ ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడై, 1977 నుంచి 1980 వరకు భారతదేశంలో అమెరికా రాయబారిగా పనిచేశాడు. తారాపూర్ అణు కేంద్రానికి యురేనియం సరఫరాపై రెండు ప్రభుత్వాలు తగవులాడుకుంటున్న కాలమది. బాల్యంలో కొన్నేళ్ళు ఇక్కడ గడిపిన మిషనరీ కుమారుడు నార్మన్ బ్రౌన్ 1948లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అధ్యయన శాఖను నెలకొల్పాడు. దక్షిణ భారతంలో మిషనరీ దంపతులకు జన్మించిన రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1788 నుంచి 1848 వరకు గుంటూరు జిల్లా చరిత్రను రాశాడు. కంపెనీ కలెక్టర్లను స్థానిక ఉద్యోగ బృందాలు, ముఖ్యంగా దేశస్థ బ్రాహ్మణ అధికారులు, ఏ విధంగా చేతిలో పెట్టుకున్నారో విప్పి చెప్పిన ఆ 1965 నాటి గ్రంథాన్ని ఆంధ్ర చరిత్ర విద్యార్థులు నేటికీ తప్పించుకోలేరు. అమెరికా భారతదేశాన్ని అర్థం చేసుకున్న మేరకు, అందులో ఒక భాగం ఈ పిల్లల బాల్యం నుంచి వచ్చినదే.

స్వతంత్ర భారతంలో

స్వాతంత్ర్యం తరువాత పరిస్థితి తలకిందులైంది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1954లో నియమించిన నియోగి కమిటీ, మతమార్పిడే ప్రధాన లక్ష్యంగా ఉన్న విదేశీ మిషనరీలను వెనక్కి పంపాలని 1956లో సిఫారసు చేసింది. రానురాను కొత్త వీసాలు అరుదయ్యాయి. కొండ మీది బడులు బతకడానికి మారవలసివచ్చింది. కొడైకెనాల్ పాఠశాల 1970లలో అంతర్జాతీయ పాఠశాలగా రూపాంతరం చెందింది. ఒకనాడు భారతీయులకు అందని తరగతి గదులలో ఇప్పుడు భారతీయ సంపన్నుల పిల్లలు కూర్చుంటున్నారు. జాతి గోడ కూలిన చోట ఫీజుల గోడ లేచింది.

ఇదే కాలంలో, 1950లలో, భారతదేశంలోని అమెరికన్ కుటుంబాలను అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్తలు జాన్, రూత్ యూసీమ్ దంపతులు 'మూడో సంస్కృతి పిల్లలు' అనే భావనను ప్రవేశపెట్టారు. తల్లిదండ్రుల దేశానికీ, పెరిగిన దేశానికీ పూర్తిగా చెందక, రెంటి మధ్య ఒక మూడో లోకంలో పెరిగేవారని అర్థం. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల గురించి మాట్లాడేటప్పుడు నేడు వాడుతున్న ఆ మాట పుట్టింది మన గడ్డ మీది విదేశీ పిల్లలను చూసి.

1999 జనవరిలో ఆ మూడో లోకం దగ్ధమైంది. డాంగ్స్ జిల్లాలో చర్చిలపై దాడుల నేపథ్యంలో మతమార్పిడులపై జాతీయ చర్చ జరగాలని ఆ నెల మొదట్లోనే ప్రధాని వాజ్‌పేయి పిలుపునిచ్చారు. జనవరి 22 అర్ధరాత్రి దాటాక, ఒడిశాలోని కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, బారిపదలో కుష్ఠురోగుల ఆశ్రమాన్ని నడిపిన ఆస్ట్రేలియన్ గ్రాహం స్టెయిన్స్‌ను మూక సజీవదహనం చేసింది. ఆయనతో పాటు వాహనంలో నిద్రిస్తున్న పదేళ్ళ ఫిలిప్, ఆరేళ్ళ తిమోతి కాలిపోయారు. ఊటీ బోర్డింగు బడి నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు వారు.

ప్రధాన దోషి దారా సింగ్‌కు కింది కోర్టు వేసిన మరణశిక్షను ఒడిశా హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. 2011 జనవరి 21న సుప్రీంకోర్టు దానిని ఖరారు చేస్తూ, మతమార్పిడి కార్యకలాపాలపై స్టెయిన్స్‌కు పాఠం చెప్పడం దోషుల ఉద్దేశమన్న వ్యాఖ్యను తీర్పులో చేర్చింది. విమర్శలు చెలరేగడంతో నాలుగు రోజులకే ఆ వాక్యాలను మార్చింది. ఆరేళ్ళ పిల్లవాడికి ఏ పాఠం చెప్పారన్న ప్రశ్నకు ఆ వ్యాఖ్యలో చోటు లేకపోయింది. హంతకులను క్షమించానని ప్రకటించిన భార్య గ్లాడిస్, మిగిలిన ఒక్క కూతురితో ఐదేళ్ళు బారిపదలోనే ఉండి ఆశ్రమాన్ని నడిపింది. ఆమె క్షమను దేశం మెచ్చుకుంది, 2005లో పద్మశ్రీ ఇచ్చింది. క్షమ ఆమె సొంతం. దానిని తన నిర్దోషిత్వానికి ధ్రువపత్రంగా వాడుకునే హక్కు సమాజానికి లేదు.

ముద్నాబతి నుంచి మనోహర్‌పూర్ వరకు రెండు వందల ఏళ్ళ దూరం. పీటర్‌ను చంపినది వ్యాధి, ఫిలిప్‌నూ తిమోతినీ చంపినది మనుషులు. ఈ రెండూ ఒకటి కావు. తల్లిదండ్రులు తమ విశ్వాసం కోసం బిడ్డలను ప్రమాదంలోకి తీసుకురావచ్చునా అన్న ప్రశ్నను కేరీనీ అడగవచ్చు, ఆయన తరువాత వచ్చినవారినీ అడగవచ్చు. అడగవలసినదే. బిడ్డలను ప్రజలకు దూరంగా పెంచి సమానత్వాన్ని బోధించిన మిషన్లను నిలదీయవచ్చు. మతమార్పిడి చట్టాలపై వాదించుకోవచ్చు. అయితే ఆ వాదన ఎటు తేలినా, నిద్రపోతున్న పిల్లలున్న వాహనానికి నిప్పు పెట్టడానికి అందులో ఏ పక్షం నుంచీ కారణం దొరకదు. దొరుకుతుందని అనుకునే రాజకీయానికి, ఏ మతం పేరు పెట్టుకున్నా, పిల్లల పెంపకం గురించి మిషనరీలకు నీతి చెప్పే అర్హత లేదు.