కలకత్తా పేరు మారినా గడియారం తప్పలేదు

పాత పద్ధతిలోని లోపాన్ని దిద్దేటప్పుడు, దానినే నమ్ముకున్నవారి సంగతేమిటి? కోల్‌కతా ఉదాహరణ చూద్దాం.

కంప్యూటర్లకు దేశదేశాల సమయాలు తెలిపే పట్టికను ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ 1980లలో ప్రారంభించారు. తరువాత అందులో నగరాల పేర్లు వాడారు. దేశాల పేర్లు, సరిహద్దులు మారుతుంటాయి కదా! అలా భారత ప్రామాణిక సమయానికి ‘ఏషియా/కలకత్తా’ అనే పేరు వచ్చింది. అయితే 2001లో ఆ నగరం పేరే కోల్‌కతాగా మారింది.

పాత పేరును తొలగిస్తే ఏమవుతుంది? అది రాసివున్న ప్రోగ్రాములకు సమయం దొరకదు. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో చాలా వరకు, గుర్తుపట్టని పేరు ఇస్తే, ఏ హెచ్చరికా లేకుండా గ్రీన్‌విచ్ సమయమే చూపుతాయి. అంటే మన గడియారం అయిదున్నర గంటలు వెనుకబడుతుంది! బ్యాంకు ఖాతాలో నమోదయ్యే వేళ కూడా తప్పుతుంది.

అందువల్ల 2008లో ‘ఏషియా/కోల్‌కతా’ను అసలు పేరుగా చేర్చి, పాత పేరును దానికి మారుపేరుగా ‘బ్యాక్‌వర్డ్’ అనే ఫైలులో ఉంచారు. 2022లో ఉక్రెయిన్ రాజధాని కీవ్ పేరు దిద్దినప్పుడూ ఇదే పద్ధతి పాటించారు.

ఇల్లు మారినా, పాత చిరునామాకు రాసిన ఉత్తరం మనకు చేరాలి కదా! కనుక మీ కంప్యూటరులో ‘కలకత్తా’ కనిపిస్తే పొరపాటు అనుకోకండి. పాత ప్రోగ్రాములకు ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడమే అది.