విదేశయాత్రలో మోసాలు – మన సింగరేణి చెప్పే పాత కథ



ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరినారు. అదే సమావేశంలో మరొక మాట కూడా వచ్చింది. ఒకప్పుడు మనవాళ్ళకు దూరప్రయాణమంటే కాశీ, రామేశ్వరం. ఇప్పుడు పిల్లలు టిక్కెట్లు పంపిస్తే అమెరికా, దుబాయి, సింగపూరు పోయి వస్తున్నాం. పోయినవారిలో కొందరు అక్కడ మోసపోయి వచ్చి, సిగ్గుపడి ఎవరితోనూ చెప్పుకోవడం లేదు. వారిలో నేనూ ఒకణ్ణి. పదమూడేళ్ళు దాచుకున్నాను. ఇప్పుడు చెప్పడానికి కారణం, అచ్చం అటువంటి మోసమే నూట ముప్పయి ఏళ్ళకు పూర్వం మన ఊరి పేరు మీద లండన్‌లో జరిగిందని ఆలస్యంగా తెలియడం. మొదట ఆ చరిత్ర చెప్పి, తరువాత నా సంగతికి వస్తాను.

మన మండలానికి కాగితాల మీద పేరు సింగరేణి. జనానికి మాత్రం కారేపల్లి. స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడి ఇల్లందు వైపు పట్టాలు విడిపోయే చోటు మనం రోజూ చూసేదే. ఆ పట్టాలు బొగ్గు కోసం వచ్చినవి. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ అనే దొర ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనిపెట్టాడు. గని తవ్వినది ఇల్లందులో, పేరు పెట్టినది మన సింగరేణి గ్రామానిది. ఈ సంగతి చాలామందికి తెలుసు. తెలియనిది ఆ తరువాతి కథ.

1886లో నిజాం ప్రభుత్వం రాజ్యంలోని ఖనిజాలన్నిటినీ వెతికి తవ్వుకునే ఇజారాను వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషువారికి ఇచ్చింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అప్పటికి పాతికేళ్ళు నిండని యువకుడు. సర్కారు తరఫున ఈ బేరం నడిపినవాడు అబ్దుల్ హఖ్. సర్దార్ దిలేర్ జంగ్ అని ఆయనకు బిరుదు. హోం సెక్రటరీ హోదా గలవాడు. రైల్వే వ్యవహారాలు కూడా ఆయన చేతి మీదుగానే నడిచేవి. ఇజారా పుచ్చుకున్నవారు లండన్‌లో హైదరాబాద్ డెక్కన్ కంపెనీని రిజిస్టరు చేయించారు. మూలధనం పది లక్షల పౌన్లని కాగితం మీద వ్రాసుకున్నారు. పది పౌన్ల షేర్లు లక్ష. అందులో 85 వేల షేర్లను ఇజారాదారులు తమకే పూర్తిగా సొమ్ము చెల్లించినట్లు వ్రాసుకున్నారు. అంటే మన అడవిలో ఒక్క గంప బొగ్గు బయటికి రాకముందే, కాగితం మీద వాళ్ళు లక్షాధికారులు అయిపోయారు.

అసలు మెలిక ఇక్కడ ఉంది. 1887లో విక్టోరియా రాణి జూబిలీ జరిగింది. ఆ ఏడాది అబ్దుల్ హఖ్ లండన్‌లో నిజాం సర్కారు తరఫున ఇదే కంపెనీ షేర్లు కొన్నాడు. ముఖవిలువ కంటే ఎక్కువ ధర పెట్టి మరీ కొన్నాడు. బజారులో కొన్నట్లుగా హైదరాబాదుకు తెలియజేశాడు. కాని ఇజారాదారుల లాభంలో ఆయనకు రహస్యంగా వాటా ఉంది. అమ్మిన షేర్లు ఆయనవే. కొనమని సలహా చెప్పినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు ముగ్గురూ ఒక్క మనిషే. హైదరాబాదులో కూర్చున్నవారికి లండన్ బజారు తెలియదు. తెలిసిన మనవాడు ఒకడు అక్కడ ఉన్నాడు కదా అని ధైర్యం. ఆ ధైర్యమే కొంప ముంచింది. 1888లో సంగతి బయటపడి, బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ సెలెక్ట్ కమిటీని వేసి విచారించింది. నిజాం సర్కారు అబ్దుల్ హఖ్‌ను పదవి నుంచి తప్పించింది. కంపెనీ మాత్రం నిలబడింది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అని పేరు మారింది. 1945లో హైదరాబాదు ప్రభుత్వం లండన్‌వారి చేతిలోని షేర్లు కొనడంతో అది మన దేశపు ప్రభుత్వ సంస్థ అయింది. ఆ తరువాతి కథ ప్రత్యేకంగా వ్రాయదగినది. ఇక్కడ చోటు లేదు.

ఇక నా సంగతి. 2008లో రిటైరయ్యాను. 2012లో మా అబ్బాయి నాకూ, మా ఇంట్లో ఆవిడకూ బ్యాంకాక్, పటాయా ప్యాకేజీ టూరు కట్టించాడు. చివరి రోజు ఖాళీ. రాజుగారి పాత కోట, అందులోని పచ్చ బుద్ధుడి గుడి చూద్దామని ఇద్దరమే బయలుదేరాం. కోట గోడ దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకరు ఎదురై, చేతులు జోడించి నమస్కరించాడు. "ఈ రోజు పూజ ఉంది, మధ్యాహ్నం వరకు కోట తెరవరు" అన్నాడు. అంతలోకి వేరే గుళ్ళు చూసి రమ్మని తనే ఆటోను పిలిచాడు. దాన్ని అక్కడ టుక్‌టుక్ అంటారు. మూడు గుళ్ళు తిప్పి తేవడానికి ఇరవై బాత్‌లు. మన లెక్కలో ముప్పయి నాలుగు రూపాయలు. ఖమ్మంలో ఆటో ఎక్కి దిగితే ఆ రోజుల్లో అంతే అయ్యేది. అంత పెద్ద నగరంలో అంత చవక ఎందుకని నాకు తోచలేదు. మా ఆవిడ మాత్రం "ఇంత తక్కువా?" అని అడిగింది. పెద్దమనిషి మాట్లాడి పెట్టాడు కదా అన్నాను.

రెండో గుడిలో జనం లేరు. ఒకాయన కూర్చుని ఉన్నాడు. తాను స్కూలు మాస్టరునని, ఈ దేశపు నీలాలు ప్రపంచ ప్రసిద్ధి అని, సర్కారు వారు పన్ను లేకుండా అమ్మే పథకానికి ఈ రోజే ఆఖరని చెప్పాడు. నిరుడు తానూ కొని లండన్‌లో రెట్టింపుకు అమ్మానన్నాడు. అడగకుండానే చెప్పాడు, కొనమని ఒక్క మాట కూడా అనలేదు. బయటికి వస్తే టుక్‌టుక్ అతను తనంతట తానే ఒక షాపు ముందు ఆపాడు. చల్లని గది, కూల్‌డ్రింకు, ముద్రలు వేసిన సర్టిఫికెట్టు. ఒక నీలం రాయి కొన్నాను. రూపాయల్లో 38 వేలు. ఆనాటి నా పెన్షన్ మూడు నెలలకు దగ్గర. రాయిని పొట్లం కట్టి సీలు వేసి, ఇల్లు చేరేవరకు విప్పవద్దన్నారు. మా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. లోపలికి కూడా రాలేదు.

ఖమ్మంలో నాకు తెలిసిన నగల వ్యాపారి రాయిని భూతద్దంలో చూసి, "రాయి రాయేనండీ, కాని రెండు వేలకు మించి నేను పెట్టను" అన్నాడు.

తరువాత తెలుసుకున్నది ఇది. ఆ కోట మామూలుగా అన్ని రోజులూ ఉదయం ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు తెరిచే ఉంటుంది. ఈ వ్యవహారం బ్యాంకాక్‌లో దశాబ్దాల పాతది. యాత్రికుణ్ణి షాపుకు తెచ్చినందుకు టుక్‌టుక్ వాడికి పెట్రోలు కూపన్లో, కమిషనో ముడుతుంది. గోడ దగ్గరి పెద్దమనిషి, గుడిలో మాస్టరు, ఆటో, షాపు అంతా ఒకే ముఠా, ఒకే జేబు. మన జాతరలలో మూడు పేకముక్కలు బోర్లించి, రాణి ఎక్కడుందో చెప్పమనేవాణ్ణి చూశాం కదా. మొదట పందెం కాసి గెలిచేవాడు వాడి మనిషే. అది తెలిసీ ఆ గుడిలో మాస్టరును మాస్టరుగానే చూశాను. "మాస్టరు" అన్న మాటకు మన తరం వాళ్ళం తల వంచుతాం.

ముప్పయ్యేళ్ళు బిల్లులు చూసిన గుమాస్తాను నేను. ఆఫీసుకు నాలుగు కుర్చీలు కొనాలన్నా మూడు కొటేషన్లు, కంపేరిటివ్ స్టేట్‌మెంటు లేనిదే ఫైలు కదలనిచ్చేవాణ్ణి కాదు. మూడు కొటేషన్లూ ఒకే చేతివ్రాతతో ఉంటే వెనక్కి పంపేవాణ్ణి. బ్యాంకాక్‌లో ముగ్గురు మనుషులు చెప్పారు కదా అనుకున్నాను. ఆ మూడూ ఒకే చేతివ్రాతని తోచలేదు. ఈ మధ్య సింగరేణి చరిత్ర కోసం పుస్తకాలు తిరగేస్తూ అబ్దుల్ హఖ్ వ్యవహారం చదివినప్పుడు, పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను. నిజాం సర్కారు దగ్గర దివానులు, ఖజానా, లెక్కల కచేరీ అన్నీ ఉన్నాయి. వారూ అడగనిది ఒకటే ప్రశ్న: ఈ మాట చెప్పినవాడికి దీనిలో ఏం వస్తుంది?

ఆ ప్రశ్న వేసుకుంటే మిగతా మోసాలు కూడా చాలావరకు విప్పుకుంటాయి. పారిస్‌లో మీ కాళ్ళ ముందు బంగారు ఉంగరం ఎత్తి "మీదేనా?" అని ఇస్తారు. అది ఇత్తడి. కాసేపటికి డబ్బు అడుగుతారు. ఇస్తాంబుల్‌లో బూట్లు తుడిచేవాడు మీ ముందు బ్రష్ జారవిడుచుకుంటాడు. మీరు జాలిపడి తీసి ఇస్తే, కృతజ్ఞతగా బూట్లు తుడిచి, ఆనక కూలి అడుగుతాడు. పటాయాలో నీటి స్కూటరు అద్దెకు ఇచ్చి, పాత గీతలు చూపించి నష్టపరిహారం కట్టమంటారు. పాస్‌పోర్టు తాకట్టు పెట్టుకోనిస్తే ఇక వాళ్ళదే రాజ్యం. అది వద్దు. ఎక్కే ముందే బండిని నాలుగు వైపులా ఫోటో తీసుకోవాలి. షాపులో కార్డు గీసేటప్పుడు "రూపాయల్లో కట్టమంటారా?" అని మర్యాదగా అడిగితే, ఆ దేశపు డబ్బులోనే అని చెప్పండి. రూపాయల లెక్క వాళ్ళు వేస్తే మారకం ధరలో వాళ్ళ లాభం కలుస్తుంది. దారిలో ఎవరైనా పోలీసునని పర్సు చూపమంటే, స్టేషనుకు పోదాం పదండి అనాలి. థాయిలాండ్‌లో టూరిస్టు పోలీసు ఫోను నంబరు 1155. నాకు అప్పుడు తెలియదు.

ఇవన్నీ డబ్బుతో పోయేవి. డబ్బుతో పోనిది ఇంకొకటి ఉంది. 2019లో ముంబయి దంపతులు బంధువు ఒకామె ఉచితంగా ఏర్పాటు చేసిన యాత్రకని ఖతర్ పోయారు. ఆమె చేర్పించమని ఇచ్చిన పొట్లంలో గంజాయి సరుకు దొరికి జైలు పాలయ్యారు. 2021లో గాని నిర్దోషులుగా బయటపడలేదు. ఆ అమ్మ జైల్లోనే బిడ్డను కన్నది. మనలో ఎవరు అమెరికా పోతున్నా "మా వాడికి ఈ పచ్చడి, ఈ మందులు కాస్త ఇవ్వరా" అని ఊళ్ళోవాళ్ళు తేవడం మామూలే. కాదంటే ఏమనుకుంటారో అన్న మొహమాటం మనకు. విప్పి చూపించి, మన ఎదుట మళ్ళీ కట్టనిది సంచిలో పెట్టుకోకండి. ఎవరైనా కోప్పడితే సంఘం నియమమని చెప్పండి. కార్యదర్శి గారు అభ్యంతరం చెప్పరని నా నమ్మకం.

మన మనవల సంగతి కూడా ఒక మాట. విజిటింగ్ వీసా మీద కంబోడియా పంపి, డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన వ్యవహారం 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఆ పిల్లలను పంపినవారు ఇక్కడి ఏజెంట్లే. అబ్దుల్ హఖ్ కూడా మనవాడే కదా.

వచ్చే శీతకాలంలో మన సంఘం నుంచి కొందరు శ్రీలంక పోదామనుకుంటున్నారు. నేనూ పేరు ఇచ్చాను. శ్రీలంక కూడా నీలాలకు పేరున్న దేశమేనని మా ఆవిడకు ఎవరో చెప్పారు. డబ్బు సంచీ తన దగ్గరే ఉంటుందని షరతు పెట్టి, తన పేరు కూడా వ్రాయించింది. ఆ పాత రాయి రసీదుతో సహా మా బీరువాలోనే ఉంది. చూడదలచిన సభ్యులు సాయంత్రం పూట ఎప్పుడైనా రావచ్చును.