తాళం తీసింది ఎవరు అని కాదు, చివరిసారి లెక్క పెట్టింది ఎప్పుడు?

నేను ఉండేది అల్ ఖర్జ్‌లో. 1950లలోనే సౌదీవాళ్లు ఆయుధాల ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊరు. ఈసారి ఎపిసోడ్‌లో కాపలా ఉన్న మందుగుండు గోదాముల నుంచి సరుకు ఎట్ల పోతదో చెప్పుకున్నం గదా, అందులో ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాస్తున్న.

ముందు మన దగ్గరి ముచ్చట. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, ఆయన మనుషులు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డరు. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. మూడు చోట్ల కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. ఏమేమి తీసుకున్నరో స్టేషన్ పుస్తకంలోనే రాసి రాజు సంతకం పెట్టిండు. ఆయన్ను పట్టుకోవడానికి తెల్లోళ్లకు 1924 మే దాకా పట్టింది. కానీ ఏం పోయింది, ఏ రోజు పోయింది అన్నదాని మీద మాత్రం పంచాయితీ లేదు.

ఇరాక్‌లో అట్ల కాలేదు. బాగ్దాద్‌కు దక్షిణంగా 50 కిలోమీటర్ల దూరంలో అల్ ఖాఖా అనే పెద్ద మందుగుండు కేంద్రం ఉండేది. అక్కడి హెచ్‌ఎంఎక్స్ అనే పేలుడు పదార్థం అణుబాంబు తయారీకి కూడా పనికొస్తది. అందుకే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆ బంకర్లకు సీళ్లు వేసింది. 2003 జనవరిలో లెక్క చూసిండ్రు. మార్చిలో సీళ్లు చూసిండ్రు, బాగానే ఉన్నయి. ఆ వెంటనే యుద్ధం, ఇన్‌స్పెక్టర్లు వెళ్లిపోయిండ్రు. ఏప్రిల్‌లో అమెరికా దళాలు ఆ దారిన వచ్చినయి, ముందుకు పోయినయి. కాపలా పెట్టినోళ్లు లేరు.

2004 అక్టోబర్ 10న ఇరాక్ ప్రభుత్వం ఉత్తరం రాసింది: 2003 ఏప్రిల్ 9 తర్వాత సరుకు దోపిడీకి పోయిందని. మొత్తం సుమారు 342 టన్నులు. పేపర్లలో 377 అని వచ్చింది. రెండూ ఒకటే. అమెరికా టన్ను అంటే 907 కిలోలే. కొలత ఏదో రాయకపోతే 35 టన్నుల తేడా ఊరికే పుడతది! 1988లో లాకర్బీ మీద విమానం పేల్చడానికి అరకిలో కూడా పట్టలేదు. ఆ లెక్కన ఇది ఎంతో మీరే చూసుకోండి.

అమెరికాలో ఎన్నికల ముందు పెద్ద గొడవైంది. సైన్యం రాకముందే పోయిందని కొందరు, వచ్చినంక పోయిందని కొందరు. తేల్చడానికి పనికొచ్చింది ఒక టీవీ వీడియో. సైన్యంతో తిరిగిన మిన్నెసోటా టీవీవాళ్లు 2003 ఏప్రిల్ 18న తీసింది. అందులో డ్రమ్ములు, తలుపుకు సన్నటి తీగతో సీల్ కనబడ్డయి. అంటే బాగ్దాద్ పడిపోయిన తొమ్మిది రోజులకు కూడా కనీసం ఆ బంకర్‌లో సరుకు ఉంది. ఆ తర్వాత ఎవరు, ఏ రోజు ఎత్తుకుపోయిండ్రో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

ఇది మనకెందుకంటే, సైట్‌లో కూడా ఇదే జరుగుతది. నేను పనిచేసిన ఒక చోట కాపర్ కేబుల్ డ్రమ్ములు పోయినయి. స్టోర్ చివరిసారి లెక్క పెట్టి మూడు నెలలైంది. పోయిన రోజే తెలియదు గనక ఆ మూడు నెలల్లో గేటు లోపలికి వచ్చిన ప్రతోడూ అనుమానితుడే. కానీ ముందు వెతికింది హెల్పర్ల గది, వాళ్ల పెట్టెలు. మనోళ్లు ఐదుగురు రెండు రోజులు స్టేషన్‌లో కూర్చున్నరు. నిన్నటి లెక్క, మొన్నటి సంతకం ఉంటే ఆ రోజు డ్యూటీలో లేనోళ్లు అప్పుడే బయటపడేవాళ్లు.

అందుకే తమ్ముళ్లూ, తాళంచెవి చేతికిస్తే ముందు లెక్క పెట్టుకోండి. కిలోలా, మీటర్లా, డబ్బాలా రాయించుకోండి. తేదీ, టైమ్ వేసి ఇద్దరి సంతకాలు తీసుకోండి. ఆ పేజీ ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి. కాపలావాడు గేటును కాస్తడు. మిమ్మల్ని కాసేది ఆ పేజీనే.